అరుణాచల గిరిప్రదక్షిణలో సీటు ఉన్న చేతికర్ర

అరుణాచలం చుట్టూ గిరిప్రదక్షిణ దారి దాదాపు 14 కిలోమీటర్లు ఉంటుంది. మోకాళ్ళు అరిగినవారికి ఆ దూరం కంటే, మధ్యలో కూర్చోవాలనిపించిన చోట కూర్చోవడానికి వీలుండదేమో అన్న బెంగే ఎక్కువగా ఉంటుంది. నాకు కుడి మోకాలు కొన్నేళ్ళుగా ఇబ్బంది పెడుతోంది. నడవగలను గానీ, కొంత దూరం పోయాక నాలుగైదు నిమిషాలు కూర్చుంటే తప్ప ముందుకు సాగలేను. విప్పితే స్టూలుగానూ, మడిస్తే కర్రగానూ పనికివచ్చే చేతికర్ర ఉందని తెలిసినప్పటి నుంచి ప్రదక్షిణ చేయాలన్న కోరిక మళ్ళీ బలపడింది. ఆ కర్రను ఎలా ఎంచుకున్నానో, దారిలో ఎలా వాడానో నాలాంటి మోకాళ్ళు ఉన్నవారి కోసం వివరంగా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. ఆ కర్ర సీటుగా ఉన్నంతసేపూ మన చేతిలో కర్ర ఉండదు. నడకలో మనకు ఆసరాగా ఉన్న వస్తువునే నేల మీద నిలిపి, కాళ్ళు విప్పి, దాని మీదికి ఒరగకుండా నిలబడి, ఆ తరువాత కూర్చోవాలి. లేచేటప్పుడు ఇదంతా తిరగేసి చేయాలి. ప్రమాదం నడుస్తున్నప్పటి కంటే, కూర్చుని ఉన్నప్పటి కంటే, ఈ రెండింటి మధ్యనున్న కొద్ది క్షణాల్లోనే ఎక్కువ. అందుచేత ఏ ఆసరా లేకుండా పది లెక్కపెట్టేంతసేపైనా నిలకడగా నిలబడలేనివారికి, తరచూ తల తిరిగేవారికి, తుంటి ఎముక ఆపరేషన్ ఇటీవలే అయినవారికి ఇది తగిన సాధనం కాదని నా అభిప్రాయం. సీటు మోకాలి కంటే కిందుగా ఉంటే తుంటి బాగా వంగవలసి వస్తుంది కాబట్టి, ఆపరేషన్ అయినవారు తమ డాక్టరును అడగకుండా దీని జోలికి పోకూడదు.

కొనడానికి వెళ్ళినప్పుడు తమ్ముడిని వెంట తీసుకువెళ్ళాను. దుకాణంలో మూడు రకాలు చూపించారు. మొదటిది ఒంటికాలిది, పైన చిన్న సీటు విచ్చుకుంటుంది, మన రెండు పాదాలూ మిగతా రెండు కాళ్ళ పని చేయాలి. కాళ్ళలో బలం ఉన్నవారికి అది బాగుంటుందేమో గానీ, మోకాలి నొప్పితో కూర్చునేవారికి పనికిరాదు. రెండోది సీటుతో పాటు కర్ర కూడా నాలుగు ముక్కలుగా మడిచి సంచిలో పెట్టుకునే రకం. చూడ్డానికి ముచ్చటగానే ఉంది గానీ, దాన్ని నేల మీద ఆనించి కొద్దిగా అటూ ఇటూ కదిపితే ప్రతి కీలు దగ్గరా సన్నని కదలిక చేతికి తెలుస్తోంది. బరువు మోసే వస్తువులో కీళ్ళు ఎన్ని తక్కువ ఉంటే అంత మేలు. నేను తీసుకున్నది మూడోది: అల్యూమినియం కర్ర, మధ్యలో గుండ్రని గట్టి ప్లాస్టిక్ సీటు, విప్పితే మూడు కాళ్ళు.

మామూలు చేతికర్ర కంటే ఇది బరువు. ఇంచుమించు ఒక కిలో ఉంటుంది. ప్రతి అడుగుకూ ఎత్తి దించవలసిన వస్తువు కనుక, మణికట్టులో నొప్పి ఉన్నవారు దుకాణంలోనే కాసేపు దాన్ని పట్టుకుని నడిచి చూడడం అవసరం. ఎంత బరువు మోస్తుందో కర్ర మీదో, డబ్బా మీదో రాసి ఉంటుంది. ఆ అంకెకు మన బరువును సరిగ్గా అంచుదాకా తీసుకుపోకూడదు. భుజాన ఉన్న సంచీ, చేతిలోని నీళ్ళ సీసా కూడా ఆ సీటు మీదే పడతాయి, పైగా నెమ్మదిగా కూర్చున్నా బరువు ఒక్కసారిగా దిగే క్షణం ఒకటి తప్పదు. బరువు సంగతి ఎక్కడా రాసి లేని కర్రను ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి.

ఎత్తు విషయంలో రెండు కొలతలు చూడాలి, చాలామంది ఒకటే చూస్తారు. కర్రగా ఉన్నప్పుడు, మనం నిటారుగా నిలబడి చేయి కిందికి వదిలితే, చేతిపిడి మణికట్టు గీత దగ్గరకు రావాలి. పిడి పట్టుకున్నప్పుడు మోచేయి కొద్దిగా వంగి ఉండాలి. మామూలుగా దీన్ని చెప్పులు వేసుకుని కొలవమంటారు. గిరిప్రదక్షిణ ఉత్త కాళ్ళతో చేస్తాం గనుక నేను చెప్పులు విడిచి కొలిపించుకున్నాను. ఆ తేడా కొంచెమే అయినా, గంటల తరబడి నడిచేటప్పుడు భుజానికి బాగా తెలుస్తుంది. సీటు ఉన్న కర్రల్లో చాలావాటికి ఎత్తు మార్చుకునే వీలుండదు కాబట్టి ఈ కొలత అక్కడే తేలిపోవాలి. ఇక రెండో కొలత, స్టూలుగా విప్పినప్పుడు సీటు ఎత్తు. కూర్చుంటే రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనాలి. సీటు మరీ ఎత్తుగా ఉంటే మునివేళ్ళ మీద వేలాడుతున్నట్టు ఉంటుంది. మరీ కిందుగా ఉంటే లేవడం మోకాళ్ళకు శిక్ష.

ఎటువైపు తిరిగి కూర్చోవాలన్నది అసలైన పాఠం. నా కర్రలో చేతిపిడి వైపు ముఖం పెట్టి, కర్ర కాడ రెండు మోకాళ్ళ మధ్యకు వచ్చేలా కూర్చోవాలి. ఆ బొమ్మ సీటు అడుగున అచ్చువేసి ఉంది. అలా కూర్చుంటే చేతులు పిడి మీద ఉంటాయి, పాదాలు రెండూ ముందు నుంచి కాపు కాస్తాయి. కుర్చీ వీపులా ఆనుకోవచ్చనుకుని పిడికి వీపు పెట్టి కూర్చుంటే, వెనక్కి ఒరిగినప్పుడు పట్టుకోవడానికి చేతికి ఏమీ దొరకదు. రకాన్ని బట్టి ఈ దిశ మారవచ్చు కనుక, మీరు కొన్న కర్ర మీద ఏ బొమ్మ ఉందో దాన్నే పాటించండి.

ఈ కూర్చునే తీరుకూ చీరకట్టుకూ పొసగదని ఇంట్లో సాధన చేసేటప్పుడే తేలింది. కాడకు అటొక కాలు ఇటొక కాలు పెట్టాలంటే కుచ్చిళ్ళు బిగుసుకుపోతాయి. లేచేటప్పుడు అంచు కర్ర కాలి కింద చిక్కుకుంటుంది. ప్రదక్షిణకు నేను చుడీదార్ వేసుకుని, గుడిలో దర్శనానికి వేరుగా చీర పెట్టుకున్నాను. పంచె కట్టేవారు కూడా జారే అంచును ముందే పైకి దోపుకోవడం మంచిది. సాధన అంతా వసారాలో గోడ పక్కన చేశాను. ఎడమ చేయి గోడకు ఆనించి, కుడి చేత్తో కర్రను విప్పి, టక్కుమని బిగిసిన శబ్దం విని, సీటును అరచేత్తో గట్టిగా కిందికి నొక్కి చూసి, ఆ తరువాతే కూర్చునేదాన్ని. విప్పేటప్పుడు, మడిచేటప్పుడు వేళ్ళు కీళ్ళ మధ్య పడకుండా పిడినీ, సీటు అంచునూ మాత్రమే పట్టుకోవాలి. ఆలోచించకుండానే చేతులు ఆ పని చేసే దాకా ఆ సాధన మానలేదు.

పౌర్ణమి నాడు లక్షలాది మంది నడిచే దారి అది. ఆ జనంలో మూడు కాళ్ళు చాచిన స్టూలు మనకూ ప్రమాదమే, వెనక వచ్చేవారికీ ప్రమాదమే. అందుకని మామూలు రోజు ఎంచుకుని, నేల కాలక ముందే చాలా దూరం గడిచిపోయేలా తెల్లవారుజామునే బయలుదేరాం. కర్ర కాళ్ళకు మెరిసే స్టిక్కర్లు అంటించాను. చీకట్లో స్టూలు ఉన్నదని ఎదుటివారికి తెలియాలి గదా. తూర్పున 217 అడుగుల రాజగోపురం ఎదుట నమస్కరించుకుని, కొండను కుడివైపున ఉంచుకుని నడక మొదలుపెట్టాం. ఇంద్రలింగం, అగ్నిలింగం దర్శించుకునేసరికి తొలి అలసట ఇంకా రాలేదు గానీ, అప్పుడే ఒకసారి కూర్చున్నాను. నొప్పి వచ్చాక కూర్చుందామనుకుంటే, ఆ నొప్పితోనే నిలబడి కర్ర విప్పాలి. ఒంటికాలి మీద బరువు వేసి చేసే ఆ పని ఎవరికీ క్షేమం కాదు. నొప్పి రాకముందే, చోటు బాగున్న చోట కూర్చోవాలన్నది నేను దారి పొడవునా పట్టుదలగా పాటించిన నియమం.

కర్ర ఏ చేత్తో పట్టుకోవాలన్నది చాలామంది తారుమారు చేస్తారు. నొప్పి ఉన్న కాలికి ఎదుటి చేతిలో కర్ర ఉండాలి. ఆ కాలూ, కర్రా కలిసి ముందుకు పడాలి. నాకు కుడి మోకాలు నొప్పి కనుక కర్ర ఎడమ చేతిలో ఉంది. గిరిప్రదక్షిణలో భక్తులు రోడ్డుకు ఎడమ పక్కన నడవడం ఆనవాయితీ. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందంటే, కర్ర మొన సరిగ్గా తారు ముగిసి ఇసుక మొదలయ్యే అంచు మీద పడుతుంది. రోడ్డు ఎప్పుడూ అంచువైపు కొంచెం వాలుగా ఉంటుంది, ఆ అంచున సన్నని ఇసుక, గులకరాళ్ళు చేరి ఉంటాయి. కర్ర మొనకు తొడిగిన రబ్బరు బుష్షు ఎంత కొత్తదైనా వాటి మీద జారుతుంది. అందుకని అంచు నుంచి ఒక మూర లోపలికి జరిగి నడిచాను, నాకూ అంచుకూ మధ్య తమ్ముడు నడిచాడు.

శేషాద్రిస్వామి ఆశ్రమం, దాన్ని దాటగానే రమణాశ్రమం వస్తాయి. 1896లో పదహారేళ్ళ వయసులో ఈ కొండను వెతుక్కుంటూ వచ్చిన రమణులు 1950లో దేహం చాలించే వరకూ దీన్ని విడిచి వెళ్ళలేదు. చివరి సంవత్సరాల్లో ఆయన చేతికర్ర ఊతంతో నడుస్తున్న చిత్రాలను నేను ఎప్పుడు చూసినా, కర్ర పట్టుకోవడానికి సిగ్గుపడే మా వయసువారందరికీ ఆ చిత్రాలు చూపించాలనిపిస్తుంది.

యమలింగం దాటాక ప్రదక్షిణ దారి పెద్ద రోడ్డును వదిలి కుడివైపుకు తిరుగుతుంది. అక్కడి నుంచి వాహనాల రద్దీ తగ్గి, కొండ రూపం అడుగడుగునా మారుతూ కనిపిస్తుంది. కూర్చున్నప్పుడు మనసు సహజంగానే కొండవైపు లాగుతుంది. సీటు మీద కూర్చుని నడుము తిప్పి కొండను చూడబోతే బరువు ఒక పక్కకు పోతుంది. మూడు కాళ్ళ స్టూలు ఎగుడుదిగుడు నేల మీద కూడా ఊగదు, మూడు కాళ్ళూ ఎప్పుడూ నేలకు ఆనుతాయి. ఆ నిలకడను చూసి మోసపోకూడదు. రెండు కాళ్ళ మధ్య ఖాళీ వైపు శరీరం ఒరిగితే అది చెప్పకుండా పడిపోతుంది. నేను ప్రతిసారీ చేతిపిడి కొండవైపు ఉండేలా సీటు వేసుకునేదాన్ని. అప్పుడు తల ఎత్తితే చాలు, అరుణగిరి ఎదురుగానే ఉంటుంది. కింద పడిన వస్తువును వంగి తీయడం, పిడికి సంచీ తగిలించడం కూడా ఇదే కారణంగా మానుకోవాలి.

నైరుతి లింగం దాటాక ఒక చెట్టు నీడలో కూర్చుని ఉండగా, మన తెలుగువారే, నాకంటే పెద్దావిడ ఒకరు ఆగారు.

“ఇదేదో బాగుందే అమ్మా, నేనూ ఒక్క నిమిషం కూర్చోనా?” అన్నారు.

నేను లేచి నిలబడగానే ఆవిడ పిడికి వీపు పెట్టి కూర్చోబోయారు.

“అటు కాదండీ, పిడి పట్టుకుని ఇటు తిరగండి,” అని చేయి పట్టుకుని తిప్పాను. తమ్ముడు పక్కన నిలబడ్డాడు. ఆవిడ నెమ్మదిగా సీటు అంచుకు ఆనగానే పాదాలు చూశాను: పొట్టి మనిషి కావడంతో మడమలు నేలకు అందడం లేదు, బొటనవేళ్ళు మాత్రమే తగులుతున్నాయి. పూర్తిగా కూర్చోనివ్వకుండా లేపి, పక్కనే ఉన్న అరుగు మీద కూర్చోబెట్టి, ఆవిడ ఎత్తుకు తగిన సీటు ఎలా చూసుకోవాలో చెప్పాను. ఒకరి కర్ర మరొకరికి సరిపోతుందనుకోవడం, వాళ్ళ కళ్ళజోడు మనకు సరిపోతుందనుకోవడం లాంటిదే.

పడమటి వైపున ఆది అణ్ణామలై ఆలయం దగ్గర మెట్లు, గడపలు ఉన్నచోట సీటు సంగతే మరిచిపోయి దాన్ని వట్టి కర్రగానే వాడాను. మెట్టు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కర్రతో పాటు నొప్పి కాలు ముందు. మెట్ల మీద ఎప్పుడూ సీటు విప్పకూడదు. నీళ్ళు చల్లిన బండల మీద, పలకలు పరిచిన తడి బాట మీద, కదులుతున్న దర్శనం వరుసలో కూడా అంతే. వరుసలో వెనకవారు ఒక్క అడుగు ముందుకు వేస్తే చాలు, స్టూలు కాలికి తగిలి ఇద్దరూ పడతారు. అక్కడ ఇనుప కటకటాలనే ఆసరా చేసుకున్నాను.

ఎండ ఎక్కాక లేవడం కష్టమైంది. రక్తపోటు మాత్రలు వేసుకునేవారికి కూర్చుని లేస్తే ఒక్కోసారి కళ్ళు తిరుగుతాయి. నాకూ ఆ మాత్రలు ఉన్నాయి. లేవబోయే ముందు మడమలు పైకీ కిందికీ కొన్నిసార్లు ఆడించి, నీళ్ళు తాగి, పిడి మీద సమానంగా బరువు వేసి లేచేదాన్ని. లేచిన వెంటనే కర్ర మడవకుండా, తమ్ముడి భుజం పట్టుకుని రెండు మూడు ఊపిరులు తీసుకునేదాన్ని. ఒంటరిగా వెళ్ళేవారు గోడ, స్తంభం, చెట్టు ఏదో ఒకటి చేతికి అందే చోటే కూర్చోవాలి. వాయులింగం, కుబేరలింగం, ఈశాన్యలింగం దాటి మళ్ళీ రాజగోపురం దగ్గరకు వచ్చేసరికి ఎండ నెత్తిమీద ఉంది. మోకాలు అలసింది గానీ వాపు రాలేదు.

ఇంటికి వచ్చాక కర్రను పరీక్షిస్తే కీళ్ళలో ఇసుక చేరి కరకరలాడుతోంది. తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, సీటు మరలు బిగించాను. కర్ర మొన కింద ఉన్న రబ్బరు బుష్షు ఒక పక్కకు అరిగి, గాడులు దాదాపు చెరిగిపోయాయి. మిగతా రెండు కాళ్ళవీ కొత్తవాటిలానే ఉన్నాయి. అరిగిన ఒక్కదాన్నే మారిస్తే, కొత్తదాని మందం వేరుగా ఉన్నప్పుడు మూడు కాళ్ళ ఎత్తులో తేడా వచ్చి సీటు వాలుతుంది, అందుకని పాతదాన్ని కొలతకు పట్టుకువెళ్ళి మూడూ ఒకేసారి మార్పించాను.