మూడు నెలల జీతం, ఒక్క సంతకం: క్లబ్ మారడంలో నా అనుభవం

నిన్న సాయంత్రం 5:40కి మెయిల్ వచ్చింది. కొత్త క్లబ్‌లో నా రిజిస్ట్రేషన్ పూర్తయింది. ట్రాన్స్‌ఫర్ విండో, అంటే ఆటగాళ్లు క్లబ్ మారడానికి ఇచ్చే గడువు, మూసుకోవడానికి ఇంకా నాలుగు రోజులే ఉంది. ఆదివారం మ్యాచ్‌లో ఆడిస్తారో బెంచి మీద కూర్చోబెడతారో తెలియదు, ఏదైనా పర్లేదు. కోపం చల్లారకముందే ఇదంతా రాసేయాలి. రేపటికల్లా మళ్లీ మంచిదాన్నయిపోతాను.

నేను లెఫ్ట్ బ్యాక్‌ని, అంటే ఎడమ వైపు కాపుకాసే డిఫెండర్‌ని. ఏడేళ్లుగా ఫుట్‌బాల్ ఆడే డబ్బులు సంపాదిస్తున్నాను. ఇది నాలుగో క్లబ్. మూడో క్లబ్ పేరు చెప్పను. నాది కాని దేశంలో ఉన్న క్లబ్ అని మాత్రం చెప్తాను, ఎందుకంటే ఆ సంగతి తర్వాత పనికొచ్చింది.

మొదటి నెల జీతం పది రోజులు లేటయింది. మా ఆటలో అది మామూలే, ఎవరూ పట్టించుకోరు. తర్వాతి నెల అసలు రాలేదు. 'స్పాన్సర్ డబ్బు వస్తోంది' అన్నారు. ఆ పై నెలా రాలేదు, 'బ్యాంకు సెలవులు' అన్నారు. కెనడా క్రీడాకారిణి ఒలీవియా స్మిత్‌ని ఆర్సెనల్ క్లబ్ 2025 జూలైలో పది లక్షల పౌండ్లకు కొన్నదన్న వార్త ఇంట్లోవాళ్లు ఎక్కడో చూసి 'మరి నీకెప్పుడు?' అని ఫోన్ చేశారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఫిఫా సొంత నివేదికే మహిళా ప్రొఫెషనల్ క్రీడాకారిణి సగటు జీతం ఏడాదికి దాదాపు 10,900 డాలర్లని చెప్పింది. ఆ సగటు కూడా కొన్ని పెద్ద క్లబ్బుల వల్ల పైకి లేచిందే. మిగతా మేమంతా దానికి ఎంత కిందున్నామో లెక్క వేసుకోండి.

ఇక్కడ నేను చేసిన తప్పు ముందే ఒప్పుకుంటాను. రెండో నెల జీతం ఆగగానే మేనేజర్‌కి ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టాను. 'సార్, వీలు చూసుకుని నా విషయం కొంచెం గమనించగలరు' అని, చివర చేతులు జోడించిన బొమ్మతో సహా. ఇప్పుడు చదువుకుంటే తల కొట్టుకోవాలనిపిస్తుంది. నా డబ్బు నేను అడగడానికి ఆ దండం ఎందుకు? దానికి నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు. అలా మూడు వారాలు పోయాయి.

ఆ తర్వాతే ఆటగాళ్ల యూనియన్‌కి రాశాను. అక్కడి లాయరమ్మ అరగంటలో అంతా తేల్చేసింది. ఫిఫా బదిలీ నిబంధనల్లో 14 బిస్ అనే ఆర్టికల్ ఉంది, 2018లో చేర్చారు. క్లబ్ కనీసం రెండు నెలల జీతం గడువుకి ఇవ్వకపోతే, మనం రాతపూర్వకంగా నోటీసిచ్చి, కనీసం 15 రోజుల గడువు పెట్టాలి. అప్పటికీ పూర్తిగా కట్టకపోతే న్యాయమైన కారణంతో కాంట్రాక్ట్ రద్దు చేసుకోవచ్చు. నా మెసేజ్ చూపించాను. 'ఇందులో ఎంత బాకీయో లేదు, గడువు లేదు, ఇవ్వకపోతే ఏం చేస్తావో లేదు. దీన్ని నోటీసు అనరమ్మా, దరఖాస్తు అంటారు' అంది. నోటీసు తనే రాసింది: ఏ నెలకు ఎంత, ఏ తేదీన రావాల్సింది, 15 రోజులు, ఇదిగో బ్యాంకు ఖాతా. మెయిల్‌లో ఒకటి, కొరియర్‌లో ఒకటి. 'సార్' అన్న మాట ఎక్కడా లేదు.

మూడో రోజు నన్ను టీమ్ గ్రూప్‌లోంచి తీసేశారు.

నాలుగో రోజు గ్రౌండ్‌కి వెళ్తే ట్రైనింగ్ లిస్టులో నా పేరు లేదు. అసిస్టెంట్ ఫిట్‌నెస్ కోచ్ వచ్చి, నాకు విడిగా ప్రోగ్రామ్ ఉందన్నాడు. ఆ ప్రోగ్రామ్ ఏంటంటే గ్రౌండ్ చుట్టూ పరుగు. బంతి లేదు. నాలుగు కోన్లు, నేను, అతను. అతనికి పాపం నా వయసు కూడా లేదు, నా కళ్లలోకి చూడలేకపోయాడు. అవతల పదిహేడు మంది అమ్మాయిలు ఐదుగురు ఐదుగురుగా చిన్న మ్యాచ్ ఆడుతూ నవ్వుకుంటున్నారు. నేను పక్కనుంచి పరుగెత్తేటప్పుడు ఆ నవ్వులు ఆగేవి, దాటగానే మళ్లీ మొదలయ్యేవి. వాళ్లని తప్పుపట్టను. వాళ్లకీ జీతాలు రాలేదు, నా పక్కన నిలబడితే రేపు నాలుగు కోన్లు వాళ్ల ముందూ పడతాయి. ఒక్క మా గోల్‌కీపర్ అక్క మాత్రం ఒకసారి కావాలనే బంతి నా వైపు తన్ని 'అయ్యో, జారింది' అంది. తిరిగి తన్నాను. ఆ వారం మొత్తంలో నేను ముట్టుకున్న బంతి అదొక్కటే.

ఇలా విసిగించి, తనంతట తనే వెళ్లిపోయేలా చేయడం కూడా నిబంధనలకు విరుద్ధమేనట. లాయరమ్మ రోజూ తేదీ, టైము వేసి రాసుకోమంది. కోన్ల ఫొటో కూడా తీసుకోమంది. తీశాను. నా ఫోన్‌లో ఇప్పుడు కప్పు గెలిచిన ఫొటోల పక్కన నాలుగు నారింజ రంగు కోన్ల ఫొటోలు పదకొండు ఉన్నాయి.

తొమ్మిదో రోజు ఆఫీసుకి రమ్మన్నారు. ఉదయం పదింటికి అన్నారు, నేను పావు తక్కువ పదికే వెళ్లాను. చిన్నప్పటి నుంచీ ట్రైనింగ్‌కి లేటు వెళ్లని పిచ్చి నాది. రిసెప్షన్ దగ్గర ఒక ప్లాస్టిక్ కుర్చీ చూపించారు. ఎదురుగా గోడ మీద ఈ సీజన్ టీమ్ పోస్టర్, అందులో ఎడమ నుంచి మూడోదాన్ని నేనే, చేతులు కట్టుకుని ధీమాగా నవ్వుతున్నాను. పదకొండయింది. మేనేజర్ గదిలోంచి బయటికొచ్చి, కాఫీ కప్పుతో నా ముందు నుంచే వెళ్లాడు, వచ్చాడు. పన్నెండున్నరకి మళ్లీ వెళ్లాడు, వచ్చాడు. నేను లేచి నిలబడ్డాను, అతను నా పైనున్న గోడ గడియారం చూసుకుని లోపలికి పోయాడు. బాత్రూమ్‌కి వెళ్తే సరిగ్గా అప్పుడే పిలుస్తారేమోనని వెళ్లలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, 90 నిమిషాలు ఒక వింగర్‌ని కదలనివ్వని మనిషిని, ఒక కుర్చీలోంచి కదలలేకపోయాను. ఫోన్ చూస్తూ కూర్చుని ఛార్జింగ్ అంతా కాల్చేశాను. ఒకటిన్నరకి పిలిచేసరికి అది చచ్చిపోయింది.

లోపల మేనేజర్, ఎప్పుడూ చూడని ఒక కోటు మనిషి. 'చూడమ్మా, మనమంతా ఒక కుటుంబం' అని మేనేజర్ మొదలుపెట్టాడు. నాకు తెలిసి జీతం ఎగ్గొట్టేవాళ్లెవరూ కుటుంబం అనే మాట లేకుండా మొదలుపెట్టరు. టేబుల్ మీద రెండు కాగితాలు పెట్టాడు. ఒకటి రిలీజ్ లెటర్: ఈ క్రీడాకారిణి ఎక్కడికైనా వెళ్లొచ్చు, మాకు అభ్యంతరం లేదు. రెండోది సగం పేజీ: నాకు క్లబ్ నుంచి రావాల్సినవన్నీ అందాయి, ఇక ఎలాంటి బాకీ లేదు.

'రెండిటి మీదా సంతకం పెట్టు, ఇప్పుడే ఫ్రీ. లేదంటావా, నీ ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్ మా దేశం ఫెడరేషన్ నుంచే వెళ్లాలి. కాంట్రాక్ట్ గొడవ ఉందని మేము ఒక్క లైను రాస్తే చాలు, విండో దాటిపోతుంది. ఆర్నెల్లు ఇంట్లో కూర్చుంటావు. నీ వయసుకి ఆర్నెల్లంటే ఎంతో నీకే తెలుసు.'

నా వయసు ఇరవై ఎనిమిది. అతని వయసుకి ఆ మాట ఎంత తప్పో అతనికి తెలియలేదు.

పెన్ను తీసుకున్నాను. ఇక్కడ వీరగాథ ఏమీ లేదు. అప్పటికి మూడు నెలలకు చేరిన జీతం బాకీ పోతే పోయింది, ఆట మిగిలితే చాలు అనుకున్నాను. మా ఏజెంటు కూడా ముందురోజు అదే చెప్పాడు: 'సంతకం పడేసి వచ్చెయ్, పాత డబ్బు గురించి మరిచిపో.' అతని కమీషన్ కొత్త కాంట్రాక్ట్‌లో ఉంది మరి, పాత డబ్బులో కాదు. ఏజెంట్లంతా ఇలాంటివాళ్లే అననుగానీ, సలహా ఇచ్చేవాడి జేబు ఎటు వైపుందో చూసుకోండి.

ఇంటిపేరు మొదటి అక్షరం రాశాను. అప్పుడు, ధైర్యంతో కాదు, అలవాటుకొద్దీ 'ఒక కాపీ ఇస్తారా?' అన్నాను. ప్రతి కాగితానికీ కాపీ తీసుకోమని లాయరమ్మ వందసార్లు చెప్పింది, అది నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

మేనేజర్ మొహం మారింది. 'కాపీ ఎందుకమ్మా? ఇది మన మధ్య విషయం.' కోటు మనిషి కాగితం మెల్లగా తన వైపు లాక్కున్నాడు. అంతే, నాకు అర్థమైంది. నాకు మంచి చేసే కాగితమైతే నాకు ఇవ్వడానికి భయమెందుకు? పెన్ను టేబుల్ మీద పెట్టి, 'మా లాయర్ చూశాక పెడతాను' అన్నాను. 'లాయర్లు గోల్స్ కొట్టరు' అన్నాడతను. లెఫ్ట్ బ్యాక్‌ని, నేనూ పెద్దగా కొట్టను. అయినా ఆ మాట అక్కడ తట్టలేదు, మెట్లు దిగాక తట్టింది.

బయటికొచ్చి స్టోర్ రూమ్ పక్క బాత్రూమ్‌లో ఇరవై నిమిషాలు ఏడ్చాను. ఆ ఒక్క అక్షరమున్న కాగితం ఇప్పటికీ వాళ్ల దగ్గరే ఉంది. ఫోన్ ఛార్జ్ చేసుకుని చెప్తే లాయరమ్మ నవ్వింది, ఒక్క అక్షరంతో ఎవరూ ఆస్తులు రాయించుకోలేరంది. నాకు మాత్రం రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

అసలు విచిత్రం తర్వాత తెలిసింది. అతను బెదిరించింది చచ్చిన పాముతో. ఐటీసీ, అంటే అంతర్జాతీయ బదిలీ సర్టిఫికెట్, క్లబ్ చేతిలోది కాదు. అది ఒక ఫెడరేషన్ నుంచి ఇంకో ఫెడరేషన్‌కి ఫిఫా ఆన్‌లైన్ సిస్టమ్‌లో వెళ్తుంది. మహిళా ప్రొఫెషనల్స్‌కి ఆ సిస్టమ్ 2018 నుంచి తప్పనిసరి. కాంట్రాక్ట్ గొడవ అని చెప్పి దాన్ని ఆపడం పూర్వం నడిచేది. లాసానా డియారా అనే ఆటగాడు 2014లో తన క్లబ్‌తో వచ్చిన గొడవ మీద కోర్టుకెళ్తే, 2024 అక్టోబర్‌లో యూరప్ అత్యున్నత న్యాయస్థానం ఆ నిబంధనలు చెల్లవంది. దాంతో ఫిఫా 2025 జనవరి నుంచి రూలు మార్చింది: పాత ఫెడరేషన్ 72 గంటల్లో ఐటీసీ ఇవ్వాలి, కాంట్రాక్ట్ గొడవ సాకు కాదు. ఈ సంగతి మేనేజర్‌కి తెలియదంటే నేను నమ్మను. నాకు తెలియదని అతనికి తెలుసు, అంతే. నేను కూడా ఆఫ్‌సైడ్ రూల్లో ప్రతి మార్పూ బట్టీ పట్టానుగానీ, నా అన్నం ముద్ద ఉన్న రూల్ ఒక్కటీ చదవలేదు.

తర్వాతివన్నీ చకచకా అయిపోయాయి. పదహారో రోజు రద్దు లెటర్ పంపాను. కొత్త క్లబ్ మెడికల్ ఒక పూట. మోకాళ్లు రెండూ బాగున్నాయన్నారు, ఈ ఆటలో ఆడవాళ్లకి అదే పెద్ద ఆస్తి. ముందు మెడికల్, తర్వాతే సంతకం, అదీ అడిగి మరీ చేయించుకున్నాను, ఎందుకంటే మెడికల్ పాసైతేనే కాంట్రాక్ట్ చెల్లుతుందనే షరతు పెట్టకూడదట. గర్భం గురించి కూడా అంతే. ఐటీసీ రెండు రోజుల్లో వచ్చింది.

ఇక డబ్బు. ఫిఫా ఫుట్‌బాల్ ట్రిబ్యునల్‌లో కేసు వేశాను. వేరే దేశం క్లబ్ కాబట్టే అక్కడికి వెళ్లగలిగాను, సొంత దేశం క్లబ్ అయ్యుంటే అక్కడి వ్యవస్థలోనే తేల్చుకోవాల్సి వచ్చేది. ఆటగాళ్లకి ఫీజు లేదు, అంతా ఆన్‌లైన్, రెండేళ్లలోపు వేయాలి. బాకీతో పాటు మిగిలిన కాంట్రాక్ట్‌కి పరిహారం అడగొచ్చు, అందులోంచి కొత్త క్లబ్ ఇచ్చేది తీసేస్తారు. వస్తుందా అంటే, ఐస్‌లాండ్ క్రీడాకారిణి సారా బ్యోర్క్ గున్నార్స్‌దోత్తిర్‌కి వచ్చింది కదా. గర్భంతో ఉన్నప్పుడు ఫ్రాన్స్ క్లబ్ లియాన్ పూర్తి జీతం ఇవ్వకపోతే ఆమె ఫిఫాకి వెళ్లింది, 2022లో 82,000 యూరోలకు పైగా కట్టమని తీర్పొచ్చింది. అంత పెద్ద క్లబ్‌తోనే ఆమె తేల్చుకుంది. నా క్లబ్ పోస్టర్లు కూడా సరిగ్గా అతికించుకోలేదు.

రాస్తుంటే మధ్యలో ఫోన్ వచ్చింది. గోల్‌కీపర్ అక్క. నాలుగో నెల కూడా పడలేదట. నా నోటీసు కాగితం పంపమని మొన్న అడిగింది, పంపాను, తనూ ఇచ్చేసింది. రేపు ఉదయం పదింటికి ఆఫీసుకి రమ్మన్నారట. ఏం తీసుకెళ్లాలి అని అడిగింది.

ఛార్జర్ తీసుకెళ్లక్కా అన్నాను. పిలిచేదాకా ఆగకు, బాత్రూమ్‌కి వెళ్లాలనిపిస్తే వెళ్లొచ్చేయ్.