డీజిల్ హైబ్రిడ్ అడిగిన మా బావమరిదికి

అనంతపురంలో డీజిల్ పంపులు, నాజిళ్లు బాగుచేసే షాపు నాది. కాబట్టి బంధువుల్లో ఎవరు కారు కొనాలన్నా నేను డీజిలే కొనమంటానని ముందే తీర్మానించుకుని వస్తారు. మా బావమరిది ఇంకో అడుగు ముందుకు వేశాడు. "బావా, డీజిల్‌కు మైలేజీ ఎక్కువ, హైబ్రిడ్‌కూ ఎక్కువ. రెండూ కలిసిన బండి ఏది?" అన్నాడు.

హైబ్రిడ్ అంటే ఇంజన్‌కు తోడు బ్యాటరీతో నడిచే కరెంటు మోటారు కూడా ఉన్న బండి. లెక్క వినడానికి బాగానే ఉంది. చిక్కేమిటంటే ఆ రెండు ఆదాలూ చాలావరకు ఒకటే. నెమ్మదిగా పోయేటప్పుడు పెట్రోలు ఇంజన్ థ్రాటిల్ అనే గాలి మూతతో గాలిని బిగబట్టి నడుస్తుంది; అక్కడే ఇంధనం దండగ. డీజిల్ ఇంజన్ గాలిని ధారాళంగా పీల్చుకుని, డీజిల్‌ను మాత్రమే తగ్గించుకుంటుంది. హైబ్రిడ్‌లో మోటారు చేసే పనేమిటి? మా ఊరి సప్తగిరి సర్కిల్ లాంటి రద్దీ చోట ఇంజన్‌ను ఆపేసి, ఆ దండగ జరగకుండా చూడటం. అంటే పెట్రోలుకున్న జబ్బుకు అది మందు. ఆ జబ్బు పెద్దగా లేని డీజిల్‌కు అదే మందు ఎంత పోసినా ఏం లాభం? పైగా హైబ్రిడ్ల కోసం అట్కిన్‌సన్ అనే, ఇంధనాన్ని పొదుపుగా వాడే పద్ధతిలో తయారుచేసిన పెట్రోలు ఇంజన్లు ఇంధనంలోని శక్తిలో 40 శాతం దాకా పనిగా మారుస్తున్నాయి. ఒకప్పుడు ఆ అంకె డీజిల్ సొత్తు.

ఖర్చు సంగతి నన్నడగండి. ఇప్పటి డీజిల్ ఇంజన్లలో ఇంధనాన్ని చిమ్మే కామన్ రైల్ ఇంజెక్టర్ ముక్కును భూతద్దం కింద పెడితే తప్ప దాని రంధ్రాలు సరిగా కనిపించవు. రెండు వేల బార్ల ఒత్తిడితో, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు రెండు వేల రెట్లతో, డీజిల్ అందులోంచి చిమ్మాలి. దానికి ఇంజన్‌లోకి గాలిని ఒత్తి నెట్టే టర్బో, పొగలోని మసిని పట్టే ఫిల్టరు తోడు. ఆ ఫిల్టరు మసిని కాల్చుకోవాలంటే దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. మాటిమాటికీ ఆగిపోయే ఇంజన్ ఆ వేడిని ఎక్కడినుంచి తెస్తుంది? ఇవన్నీ చాలవన్నట్టు బ్యాటరీ, మోటారు కూడా కొనాలి.

ప్రయత్నించినవాళ్లు లేకపోలేదు. ప్యూజో 3008 అనే కారులో ముందు చక్రాలకు డీజిల్, వెనుక చక్రాలకు మోటారు పెట్టారు. మన దగ్గర 2015లో మారుతి సియాజ్ డీజిల్ కారుకు హైబ్రిడ్ పేరు తగిలించారు. నిజానికి అందులో మోటారు ఒక్కటే బండిని నడపలేకపోయేది, ఇంజన్‌కు కాస్త చేయూత మాత్రమే. 2020లో పొగ కాలుష్యాన్ని కట్టడి చేసే బిఎస్-6 నిబంధనలు రాగానే మారుతి డీజిల్ కార్లకే స్వస్తి చెప్పింది. మెర్సిడెస్ లాంటివాళ్లు చేస్తారు, కానీ ఆ ధర మా బావమరిది వినే ధర కాదు.

అతనిది రోజూ ఊళ్లో తిరుగుడు, ఎప్పుడైనా బెంగళూరు. పెట్రోలు హైబ్రిడ్ కొనుక్కోమన్నాను, బ్యాటరీ వారంటీ కాగితం చదివి మరీ. రోజూ 44వ నంబరు హైవే మీద ఒకే వేగంతో పోయేవాడైతే మామూలు డీజిలే చెప్పేవాడిని. బ్రేకు వేసినప్పుడు హైబ్రిడ్ మోటారు ఆ వేగాన్ని కరెంటుగా మార్చి బ్యాటరీకి ఇస్తుంది; బ్రేకు వేయని దారిలో బ్యాటరీకి తిరిగి దక్కేది తక్కువే.

"మరి నీ షాపు, బావా?" అని నవ్వాడు. ఈ జిల్లాలో బోర్లు వేయడం ఆగినప్పుడు కదా ఆ దిగులు! బోరు బండి కంప్రెసర్ గంటల తరబడి పూర్తి లోడు మీద నడుస్తుంది. అక్కడ డీజిల్‌ను కదిలించేవాడు ఇంకా పుట్టలేదు.