బుగ్గలో మూడు కుట్లు, పది రోజుల ఎదురుచూపు

బయాప్సీ, అంటే జబ్బేమిటో తేల్చడానికి చిన్న ముక్క కోసి తీసే పరీక్ష, అయిన రోజు డాక్టరు చెప్పే జాగ్రత్తలు సగం చెవికి ఎక్కవు. బుగ్గ మొద్దుబారి ఉంటుంది, మనసంతా రిపోర్టు మీద ఉంటుంది. నాది ఎడమ బుగ్గ లోపలి తెల్ల మచ్చ. అందులోంచి కందిగింజంత ముక్క తీసి మూడు కుట్లు వేశారు. ఆ పది రోజుల్లో ఏది పనికొచ్చిందో, ఏది ఎందుకు చెయ్యకూడదో రాస్తున్నాను.

ముందే తెలుసుకోవాల్సింది ఒకటుంది. పరీక్ష కోసం సాధారణంగా మచ్చ మొత్తం తియ్యరు. అనుమానం ఎక్కువగా ఉన్న చోట, చాలాసార్లు అంచు దగ్గర, కొంచెమే కోస్తారు. అంటే కుట్లు మానిపోయినా మచ్చ అక్కడే ఉంటుంది. గాయం మానడం వేరు, జబ్బేమిటో తేలడం వేరు. "నొప్పి తగ్గిపోయింది కదా" అని రిపోర్టు తెచ్చుకోవడమే మానేసేవాళ్ళు ఉంటారు. అందుకే ఈ మాట మొదట్లోనే చెప్తున్నాను.

పని అయ్యాక గాజ్ గుడ్డ మడిచి కోసిన చోట పెడతారు. గడియారం చూసుకుని అరగంట నొక్కి ఉంచాలి. మధ్యలో తీసి చూస్తే అప్పుడే గడ్డకడుతున్న రక్తం గుడ్డతో పాటు ఊడొస్తుంది, మళ్ళీ మొదటికొస్తుంది. ఉమ్మకూడదు, మింగెయ్యాలి. ఉమ్మినా, స్ట్రాతో పీల్చినా నోట్లో లాగుడు పుట్టి ఆ గడ్డ కదులుతుంది. మత్తు ఇంజెక్షన్‌లో రక్తనాళాలు ముడుచుకునే మందు కూడా సాధారణంగా కలుపుతారు. దాని పట్టు వదిలేటప్పుడు, అంటే రెండు నుంచి నాలుగు గంటల్లో, ఆగిన రక్తం కొంచెం మళ్ళీ రావచ్చు. పాడేరు నుంచో అరకు నుంచో వచ్చినవాళ్ళు వెంటనే బస్సెక్కి ఘాట్ రోడ్డు పట్టకుండా, మత్తు పూర్తిగా దిగేదాకా విశాఖలోనే ఉండడం మంచిది. బయల్దేరేటప్పుడు నాలుగు గాజ్ గుడ్డలు అడిగి తెచ్చుకోండి. దూది వద్దు, దాని పీచు కుట్లకి పట్టుకుంటుంది.

మత్తు ఉన్నంతసేపు ఏమీ తినకండి. బుగ్గ కొరుక్కున్నా తెలీదు, వేడి టీ కాల్చినా తెలీదు.

ఆ రాత్రి తలగడ మీద గులాబీ రంగు మరక కనిపిస్తే కంగారు పడొద్దు. ఒక్క చుక్క రక్తం ఉమ్మిలో కలిస్తే నోరంతా ఎర్రగా కనిపిస్తుంది. అసలు రక్తస్రావమైతే ఉమ్మి మింగిన రెండు మూడు నిమిషాలకే నోరు చిక్కటి ఎరుపుతో నిండుతుంది. అప్పుడు గాజ్ గుడ్డని కాస్త తడిపి, మందంగా మడిచి, వేలితో గట్టిగా ఇరవై నుంచి ముప్ఫై నిమిషాలు ఒత్తి పట్టుకోవాలి. గుడ్డ లేకపోతే తడిపి చల్లార్చిన టీ బ్యాగ్ పెట్టొచ్చు, టీలోని వగరు రక్తం ఆగడానికి సాయపడుతుంది. రెండుసార్లు ఇలా ఒత్తినా ఆగకపోతే తెల్లవారేదాకా చూడకుండా క్యాజువాలిటీకి వెళ్ళాలి. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళు ఆ సంగతి బయాప్సీకి ముందే చెప్పాలి. తమంతట తాము మాత్ర ఆపకూడదు, అది గుండెకి ముప్పు.

మొదటి రోజు బుగ్గ బయటివైపు గుడ్డలో చుట్టిన ఐస్ పది నిమిషాలు పెట్టి, పది నిమిషాలు తీసి, ఇలా చేస్తుంటే వాపు తక్కువగా ఉంటుంది. రెండు తలగడలు వేసుకుని తల ఎత్తులో ఉండేలా పడుకోవాలి.

తిండి విషయంలో మన వంటిల్లే పెద్ద అండ. మొదటి రోజు అన్నీ చల్లగా: చల్లారిన చోడి (రాగి) అంబలి, మజ్జిగ, కొబ్బరి నీళ్ళు. కొబ్బరి నీళ్ళు బొండంలో స్ట్రా వేసి కాదు, గ్లాసులో పోయించుకుని తాగాలి. రెండో రోజు నుంచి పాలలో నానబెట్టిన ఇడ్లీ, మెత్తగా పిసికిన పెరుగన్నం, పప్పుకట్టు కలిపిన అన్నం, సగ్గుబియ్యం జావ. నాకు అన్నిటికన్నా హాయిగా దిగింది చోడి అంబలే. రాత్రి కాచి, పొద్దున మజ్జిగ కలిపి చిటికెడు ఉప్పు వేస్తే, కుట్టు ఉన్న వైపు తగలకుండా రెండో వైపు నుంచి జారిపోయేది. ఉల్లిపాయ ముక్కలు మాత్రం ఆ వారం వద్దు. ఆవకాయ, చింతపండు పులుసు, జంతికలు, బీచ్‌లో అమ్మే మురీ మిక్చర్ పది రోజులు పక్కన పెట్టండి. పులుపు, కారం మంట పెడతాయి, మరమరాల పొట్టు కుట్ల మధ్య ఇరుక్కుంటుంది. విశాఖ ఉక్కపోతకి ఒంట్లో నీళ్ళు ఇట్టే పోతాయి, నోరు నొప్పని తాగడం తగ్గిస్తే నీరసం వచ్చేస్తుంది. షుగరుకి ఇన్సులిన్ వాడేవాళ్ళు తిండి తగ్గితే డోసు ఎంత వేసుకోవాలో ముందే అడగాలి.

నొప్పికి డాక్టరు రాసిన పారాసెటమాల్ చాలామందికి సరిపోతుంది. 650 మాత్ర ఆరు గంటలకొకటి, రోజుకి నాలుగుకి మించకుండా. జలుబు మాత్రల్లో కూడా అదే మందు ఉంటుంది, రెండూ కలిపి వేసుకోకండి. లివర్ జబ్బు ఉన్నవాళ్ళు, రోజూ తాగేవాళ్ళు ముందు డాక్టరుని అడగాలి. నొప్పికని ఆస్పిరిన్ కొనుక్కుని వేసుకుంటే రక్తం కారుతుంది. పారాసెటమాల్ మొదటి మాత్ర మత్తు దిగకముందే వేసుకోవడం మేలు.

24 గంటలు దాటాక గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర చెంచా ఉప్పు వేసి, తిన్న ప్రతిసారీ నోట్లో ఇటూ అటూ నెమ్మదిగా ఆడించి వదిలెయ్యాలి, పుక్కిలించి గట్టిగా ఉమ్మకూడదు. నోరు కడుక్కునే మందు క్లోర్‌హెక్సిడిన్ రాస్తే 10 మిల్లీలీటర్లు అర నిమిషం నుంచి నిమిషం దాకా, రోజుకి రెండుసార్లు. పేస్టుతో తోముకున్న వెంటనే వాడితే పేస్టు నురగ దాని పని చెడగొడుతుంది. అందుకే మధ్యలో అరగంట ఎడం ఇవ్వండి. పళ్ళు గోధుమరంగుకి తిరగడం, నాలుకకి రుచి తెలియకపోవడం ఆ మందు వల్లే. ఆపాక రుచి సర్దుకుంటుంది, పళ్ళ మరక పోవడానికి డెంటిస్టు దగ్గర శుభ్రం చేయించుకోవాల్సి రావచ్చు.

ఇక అందరినీ భయపెట్టేది. రెండో మూడో రోజు టార్చి వేసి చూసుకుంటే కోసిన చోట తెల్లగా, కొంచెం పసుపుగా పొర కనిపిస్తుంది. నానబెట్టిన సగ్గుబియ్యం అంటినట్టు ఉంటుంది. చూడగానే చీము అనిపిస్తుంది. కాదు. బయట చర్మం మీద గాయానికి పక్కు కట్టినట్టే నోట్లో తడికి ఆ పక్కు తెల్లగా మెత్తగా ఉంటుంది. దాన్ని గుడ్డతో తుడిచినా, గోటితో గీకినా కింద కొత్తగా పుడుతున్న పొర చిరిగి రక్తం వస్తుంది, మానడం ఇంకా ఆలస్యమవుతుంది. వారం పది రోజుల్లో అదే అంచుల నుంచి తగ్గుతూ పోతుంది. చీమైతే తీరు వేరు: మూడో రోజు తర్వాత తగ్గాల్సిన నొప్పి పెరుగుతుంది, వాపు బయటికి కనిపిస్తుంది, దుర్వాసన వస్తుంది, 100.4 దాటి జ్వరం ఉంటుంది. ఇవి కనిపిస్తే ఆ రోజే వెళ్ళి చూపించాలి. మింగలేకపోయినా, ఊపిరి ఆడకపోయినా క్షణం ఆగకూడదు.

పసుపు, కాఫీ పొడి, పటిక, లవంగ నూనె ఏదీ పెట్టొద్దు. లవంగ నూనె పచ్చి గాయాన్ని కాల్చేస్తుంది. పొడులు కుట్లలో చేరితే అసలు గాయం ఎలా ఉందో డాక్టరుకి కనబడదు.

కరిగే కుట్లైతే ఐదో రోజు నుంచి దారం కొస నాలుకకి తగులుతూ ఉంటుంది. లాగకండి. ఒక కుట్టు ముందే ఊడినా రక్తం రాకపోతే ఫర్వాలేదు. నల్ల సిల్కు దారమైతే వారానికి వెళ్ళి తీయించుకోవాలి.

ఖైనీ, గుట్కా, చుట్ట ఈ రోజుల్లో ఆపడం గాయం కోసమే కాదు, ఆ మచ్చ కోసం కూడా. మన ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ళకి అంగిట్లో మచ్చలు వస్తాయి. అంగిట్లో బయాప్సీ చేస్తే అక్కడ కండ సాగదు కాబట్టి చాలాసార్లు కుట్టు వెయ్యకుండా వదిలేస్తారు. మానడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. అమ్మమ్మలకి ఆ సంగతి ముందే చెప్పాలి, లేకపోతే "కత్తి పెట్టాకే ముదిరింది" అని వాళ్ళు మళ్ళీ ఆస్పత్రి గడప ఎక్కరు. బయాప్సీ వల్ల క్యాన్సర్ పాకుతుందన్న భయంతో పరీక్షే వద్దనుకుంటే, పోయేది చిన్నగా ఉన్నప్పుడే పట్టుకునే అవకాశం.

రిపోర్టుకి వారం దాకా పట్టడం మామూలే. ముక్కని ఫార్మలిన్‌లో నానబెట్టి, మైనంలో పోతపోసి, వెంట్రుక కన్నా సన్నని పొరలుగా కోసి, రంగు వేసి చూస్తారు. అదనపు పరీక్షలు అవసరమైతే ఇంకో వారం. ఆలస్యమైతే అది చెడ్డ సూచన అనుకోనక్కర్లేదు. రిపోర్టులో డిస్‌ప్లేసియా (కణాల తీరు మారడం) అని ఉంటే అది క్యాన్సర్ కాదు, కానీ వదిలెయ్యదగ్గదీ కాదు. స్వల్పమా, మధ్యస్థమా, తీవ్రమా అన్నదాన్ని బట్టి తీసెయ్యడమో, కొన్ని నెలలకోసారి చూపించుకోవడమో ఉంటుంది. స్క్వామస్ సెల్ కార్సినోమా అంటే క్యాన్సరే. ముక్క చాల్లేదు, మళ్ళీ తియ్యాలి అని రాసినా నిరాశపడొద్దు, పైపొర మాత్రమే వస్తే అలా అవుతుంది.

రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకండి. స్లైడ్లు, మైనపు బ్లాకు కూడా ల్యాబులో సంతకం పెట్టి తీసుకోండి. అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రికో మరో చోటికో వెళ్తే వాళ్ళు వాటిని తిరిగి చూస్తామంటారు. బ్లాకు ఉంటే చాలాసార్లు మళ్ళీ కోయించుకునే పని తప్పుతుంది. ఆ బ్లాకు మైనం అరవై డిగ్రీల లోపే కరుగుతుంది. మే నెల ఎండలో కారు డాష్‌బోర్డు మీద వదిలేసి వెళ్ళకండి, చేతి సంచిలో నీడన పెట్టుకుని తీసుకెళ్ళండి.