మన్ననూరు గేటు

మాది అచ్చంపేట. పద్నాలుగేళ్లుగా కారు కిరాయికి నడుపుతున్నాను. నా బేరాల్లో సగం శ్రీశైలం దర్శనాలే. హైదరాబాద్ నుంచి ఆలస్యంగా వచ్చేవాళ్లతో ప్రతిసారీ ఒకటే టెన్షన్. రాత్రి 9 దాటితే నల్లమల అడవి మొదట్లో ఉన్న మన్ననూరు చెక్‌పోస్టులో గేటు వేస్తారు, మళ్లీ పొద్దున 6కే తీస్తారు. ఒకప్పుడు నేనూ ఆ గేటును తిట్టుకున్నవాణ్నే.

ఒకరోజు శ్రీశైలం నుంచి తిరిగొస్తున్నాను. ఎనిమిదిన్నర అయింది. ఖాళీ కారు, ఇంటికి చేరాలన్న తొందర. వటవర్లపల్లి దాటాక మలుపులో చుక్కల దుప్పి అడ్డమొచ్చింది. బ్రేకు గట్టిగానే తొక్కాను, కానీ అప్పటికే తగిలింది. దిగి చూస్తే ఆడది, కడుపుతో ఉంది. కాళ్లు కాసేపు కొట్టుకున్నాయి, అంతే. చెక్‌పోస్టులో నేనే చెప్పాను. అక్కడ వాచర్‌గా ఉన్న చెంచు తమ్ముడు నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. "నువ్వు దీన్ని రోడ్డంటవ్ అన్నా. రాత్రయితే అవి నీళ్లకు పోయే తొవ్వ ఇదే" అన్నాడు.

పేపర్లో 'కారిడార్' అని రాసేది ఈ తొవ్వ గురించేనని నాకు ఆ రోజు తెలిసింది.

1983లో కృష్ణకు రెండు పక్కలా ఉన్న నల్లమలంతా ఒకటే టైగర్ రిజర్వు. 2014లో రాష్ట్రం విడిపోయాక ఇటు 2,611 చదరపు కిలోమీటర్లు అమ్రాబాద్ అయింది, అటుపక్క నాగార్జునసాగర్-శ్రీశైలం రిజర్వుగానే ఉండిపోయింది. పులికి ఈ పంపకంతో పనిలేదు. కృష్ణను ఈదుకుంటూ అటూ ఇటూ పోతుంది. అవతల నుంచి కడప వైపు లంకమల అడవి మీదుగా శేషాచలం దాకా దాని దారి ఉంది. మగ పులిపిల్ల రెండేళ్లు నిండేసరికి తల్లిని వదిలి సొంత చోటు వెతుక్కుంటుంది. దారి తెగితే పెద్ద పులితో కొట్లాడి చావాలి, లేదంటే పత్తిచేలల్లోకి రావాలి. మా వైపు చేలల్లో అడవిపందుల కోసం పెట్టే కరెంటు తీగలు ఎట్లుంటాయో నాకు తెలుసు. రాత్రి తిరిగే ప్రాణి ఏదైనా వాటికి చిక్కుతుంది.

అడవి మీదుగా ఎత్తైన వంతెన రోడ్డు వేస్తామంటున్నారు. కింద జంతువులు తిరిగేలా కడితే మంచిదే. కానీ కట్టినన్నేళ్లూ అడవిలో మిషన్లు, లైట్లు, లారీలు తిరుగుతాయి. ఆ పేరు చెప్పి రాత్రి గేటు మాత్రం ఎత్తేయొద్దు. రెండు రాష్ట్రాల అధికారులు కూర్చుని దుప్పి దాటే చోట్లు, పులి దాటే చోట్లు ముందే గుర్తించాలి. అడవిలో పుట్టి పెరిగిన చెంచులను కూడా ఆ మాటల్లో కూర్చోబెట్టాలి. ఆ తొవ్వలు వాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియవు.

ఇప్పుడు బేరం కుదుర్చుకునేటప్పుడే చెప్పేస్తున్నాను. మధ్యాహ్నం 2 లోపు బయల్దేరాలి. కోతులకు అరటిపండ్లు వేయడానికి బండి ఆపను. అడవిలో 40 దాటను. పోయిన కార్తీకంలో ఇందువల్ల మూడు బేరాలు పోయాయి. పోతే పోనీ. 9 గంటలకు ఆ గేటు పడాల్సిందే.