90 లక్షల బిల్లులు, ఒక యూనిక్ ఇండెక్సు

పలాస, కాశీబుగ్గల్లో కొంతమంది జీడిపప్పు వ్యాపారులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చూస్తుంటాను. మొన్న వాళ్ల పాత లెక్కలన్నీ కొత్త పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సర్వర్‌లోకి ఎక్కించాల్సి వచ్చింది. ఏడాదికొకటి చొప్పున 12 ఫైళ్లు, దగ్గర దగ్గర 90 లక్షల రికార్డులు. టేబుల్ మీద ఆరు ఇండెక్సులు, అంటే రికార్డును చప్పున వెతకడానికి పుస్తకం చివరి పదసూచికలాంటి వరుస జాబితాలు.

రాత్రి తొమ్మిదికి కాపీ కమాండ్ మొదలుపెట్టాను. మొదటి రెండు ఫైళ్లు చకచకా ఎక్కాయి. ఆ తర్వాత ఒక్కో ఫైలూ ముందుదానికంటే ఆలస్యం. తెల్లారేసరికి ఇంకా ఏడో ఫైలు దగ్గరే ఉంది.

ఒక్క రికార్డు చేరితే ఆరు ఇండెక్సుల్లోనూ దాని చోటు వెతికి పెట్టాలి. ఇండెక్సులు ర్యామ్‌లో పట్టినంతసేపు ఫరవాలేదు. పట్టకపోతే డిస్కు మీద ఎక్కడెక్కడి ఇండెక్సు పేజీలనో తెచ్చి దిద్దాలి. మా అమ్మ జీడి ఫ్యాక్టరీలో గ్రేడింగ్ చేసేది. పప్పంతా బల్ల మీద కుమ్మరించుకుని సైజును బట్టి 180, 210, 240, 320 అని వేరుచేసేవారు. గింజ గింజకీ లేచి వెళ్లి డబ్బాలో వేసి వస్తే ఆ పని తెమిలేదా? ఇండెక్సు కూడా అంతే. చివర్లో కడితే అంతా ఒకేసారి వరుసలో పేర్చుకుని పేజీలు నింపుకుంటూ పోతుంది.

లోడ్ ఆపేసి టేబుల్ ఖాళీ చేశాను. ఇండెక్సుల నిర్వచనాలు ఒక ఫైల్లో దాచుకుని, ప్రైమరీ కీ (ఒక్కో రికార్డుకు ఒక్కో నంబరు) ఇండెక్సు ఉంచి మిగతా ఐదూ తీసేశాను. ఆ కీ నంబర్లను ఎక్కించేటప్పుడు డేటాబేసే వరుసగా పెంచుకుంటూ ఇస్తుంది కాబట్టి దానితో పెద్ద భారం లేదు. ఈసారి అరగంటలో లోడ్ అయిపోయింది. ఇండెక్సులు కట్టేటప్పుడు ఎంత మెమరీ వాడుకోవచ్చో చెప్పే సెట్టింగు, మెయింటెనెన్స్ వర్క్ మెమ్, 64 ఎంబీ ఉంటే 1 జీబీ చేసి ఇండెక్సులు కట్టడం మొదలుపెట్టాను.

నాలుగు సాఫీగా అయ్యాయి. ఐదోది వ్యాపారి, బిల్లు నంబరు కలిపిన యూనిక్ ఇండెక్సు. అదే జత రెండోసారి వస్తే ఒప్పుకోదు. డూప్లికేట్ ఉంది, కట్టలేనంది. గుండె ఝల్లుమంది. 2016 ఫైలు పూర్తయ్యే వేళకి నెట్ పోతే, ఎక్కలేదనుకుని మళ్లీ నడిపాను. అది అప్పటికే ఎక్కేసింది! యూనిక్ ఇండెక్సు ఉండి ఉంటే రెండోసారి అక్కడికక్కడే ఆగిపోయేది. ఒక ఏడాది అమ్మకాలు రెట్టింపు కనిపిస్తే ఆ వ్యాపారులకు నేనేం చెప్పేవాణ్ని?

ఇక నుంచి వెతుకులాట కోసం పెట్టినవే తీస్తాను. యూనిక్ ఇండెక్సు ఉంచేస్తాను, గంట ఆలస్యమైనా సరే. రోజూ వచ్చే రెండు మూడు వేల బిల్లులకైతే ఏదీ ముట్టుకోను. అన్ని లక్షల మీద ఇండెక్సు మళ్లీ కట్టడమే ఎక్కువ పని.

2016 రికార్డులన్నీ తీసేసి ఒక్కసారే ఎక్కించాను. ఐదో ఇండెక్సు కట్టుకుంది. టేబుల్ గణాంకాలను తాజా చేసే అనలైజ్ కమాండ్ నడిపి, ఒక వ్యాపారి ఆ ఏటి మొత్తాన్ని ఆయన చేతిరాత ఖాతా పుస్తకంతో సరిచూశాను. పైసలతో సహా కలిసింది.