హందిరా: పెళ్లికూతురు కప్పుకున్న కంబళి

మర్రాకెష్ చేరిన రెండో రోజు ఉదయం, జెమా ఎల్ ఫ్నా మైదానానికి ఉత్తరాన ఉన్న బజారు సందుల్లో దారి తప్పి, చివరికి రహ్బా కదీమా అనే పాత చౌకులో తేలాను. దాని పక్కనే తివాచీల బజారు ఉంది. 1912లో మొరాకో ఫ్రెంచివారి చేతుల్లోకి వెళ్లేదాకా అక్కడ బానిసలను వేలం వేసేవారట.

నేను వెదుకుతున్నది హందిరా. బయటివారు బెర్బెర్లు అని పిలిచే అమజీగ్ ప్రజల్లో, మధ్య అట్లాస్ కొండల స్త్రీలు పెళ్లి కోసం నేసే ఉన్ని కంబళి అది. పెళ్లికూతురి తల్లి, ఇంటి ఆడవాళ్లు కలిసి నేసి, దాని మీద లోహపు చమ్కీలను వరుసలుగా కుడతారు. అత్తవారింటికి వెళ్లేటప్పుడు ఆ అమ్మాయి దానిని భుజాల చుట్టూ కప్పుకుంటుంది. చమ్కీల మెరుపు దిష్టిని తిప్పికొడుతుందని వారి నమ్మకం. మా వైపు పెళ్లికూతురికి బుగ్గచుక్క పెట్టేది కూడా అందుకేనని చెబితే, దుకాణదారు నవ్వి నా గ్లాసులో మళ్లీ పుదీనా టీ పోశాడు. బేరం ఇప్పట్లో తెమలదని నాకు అర్థమైంది.

అతడు మొదట పరిచినవి అమ్మకం కోసమే నేసిన కొత్తవి. పాలలా తెల్లగా, ఒక్క చమ్కీ కూడా వంకర లేకుండా ఉన్నాయి. అడగగా అడగగా అడుగునుంచి ఒక పాతదానిని లాగాడు. వెనక్కి తిప్పి చూస్తే, మంచు కురిసే కొండల చలికి తగ్గట్టు పొడవైన ఉన్ని పోగులు గొర్రె బొచ్చులా వేలాడుతున్నాయి. మెడ దగ్గర మాత్రం ఉన్ని అరిగి నున్నబడింది. కొన్ని చమ్కీలు తుప్పు పట్టి, వాటి చుట్టూ టీ రంగు మరకలు దిగాయి. పై అంచున, ఛాతీ మీద ముడి వేసుకోవడానికి పేనిన తాళ్లు రెండు ఉన్నాయి.

అదే కొట్లో పాత హందిరాలను కోసి కుట్టిన దిండ్లు కూడా ఉన్నాయి. ఒకదాని కుట్టులో అలాంటి తాడు ముక్కే ఇరుక్కుని కనిపించింది, దానిని చూశాక దిండు కొనబుద్ధి కాలేదు. నేను దిగిన బసలోనూ మంచం మీద కాళ్ల వైపు ఒక హందిరా పరిచారు. రాత్రి దాని మీద వాలితే చమ్కీలు గుచ్చుకుని లేచి కూర్చున్నాను. దానిని దుప్పటిగా పరిచి ఫొటోలు తీసేవారు ఎన్నడూ దాని మీద నిద్రపోయి ఉండరు.

చెప్పిన ధరలో సగానికి తెగిన పాత హందిరా ఇప్పుడు హైదరాబాదులో మా ముందుగది గోడ మీద, కర్రకు ఆ రెండు తాళ్లతోనే వేలాడుతోంది. తడి తగిలితే చమ్కీలు ఇంకా తుప్పు పడతాయి కనుక ఉతకకుండా దులిపి ఊరుకుంటున్నాను. దానిని చేతులతో ఎత్తి చూసిన అమ్మ, ఇంత బరువు మోసుకుంటూ ఆ పిల్ల కొండ దారిలో ఎంత దూరం నడిచిందని అడిగింది.