దమ్ము చక్రం కోసం వెల్డింగ్ నేర్చుకున్నా

పోయిన ఎడగారులో, అంటే రెండో పంటకి, మడి దమ్ము చేస్తుండగా ట్రాక్టర్‌కు బిగించే ఇనుప దమ్ము చక్రం (కేజ్ వీల్) రెక్క ఒకటి ఊడిపోయింది. చక్రం విప్పి ఆటోలో వేసుకుని బుచ్చిరెడ్డిపాళెం పోతే వెల్డింగ్ షాపు ముందు అప్పటికే నాలుగు చక్రాలు వరసలో ఉన్నాయి, మనది వచ్చేసరికి రెండు రోజులు పట్టింది, ఈలోపు కాలవ నీళ్ల వంతు దాటిపోయింది. ఆ రెండు రోజులూ గట్టు మీద కూర్చుని పడిన టెన్షన్ నాకు ఇంకా గుర్తుంది. పంట డబ్బులు రాగానే 200 ఆంపుల ఇన్వర్టర్ వెల్డింగ్ మిషన్ కొన్నా. నేర్పేవాళ్లు లేరు, షాపు మేస్త్రీకి సీజన్లో అన్నం తినడానికే తీరిక ఉండదు. అందుకని రాత్రిళ్లు భోజనం అయ్యాక ఫోన్‌లో వీడియోలు చూడటం మొదలుపెట్టా.

తెలుగులో ఉన్నవన్నీ చూశా, తర్వాత హిందీ, తమిళం, ఇంగ్లీషు ఏది కనిపిస్తే అది. భాష పెద్ద అడ్డం కాలేదు, చూడాల్సింది చేతిని. కానీ ఒక చిక్కుంది. చాలా వీడియోల్లో మంట తెల్లగా మెరిసి తెర అంతా కమ్మేస్తుంది, లోపల ఏం జరుగుతోందో కనపడదు. కెమెరా ముందు నల్ల అద్దం పెట్టి తీసినవాటినే వెతుక్కోండి. అవి పావు వేగంతో పెట్టి చూస్తే కరిగిన ఇనుము చిన్న మడుగులా మెరుస్తూ, దాని వెనకాల చిట్టెం (రాడ్డు పూత కరిగి అతుకు మీద పేరుకునే పొర) మబ్బుగా పరుచుకుంటూ రావడం స్పష్టంగా తెలుస్తుంది.

మొదటి వారం వెల్డింగ్ రాడ్డు, అంటే పైన పూత ఉన్న ఇనుప తీగ, అంటించడమే రాలేదు. తగిలించగానే ఇనుముకు అతుక్కుపోయి ఎర్రగా కాలిపోయేది. అగ్గిపుల్ల గీసినట్టు గీసి, అంటుకోగానే కొద్దిగా పైకెత్తాలని వీడియోలో చెప్తారు. ఆ కొద్దిగా అంటే ఎంత? రాడ్డు లోపలి తీగ ఎంత లావుంటే అంత, అంతకు మించకూడదు. 12 నంబరు రాడ్డయితే రెండున్నర మిల్లీమీటర్లు.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. అతుకు మొదట్లో బాగానే వస్తుంది, సగం దాటాక నిప్పురవ్వలు చిమ్ముతూ గుబ్బలు గుబ్బలుగా పడుతుంది. ఎందుకో చాలా రోజులు అంతుపట్టలేదు. ఒక వీడియోను పదిసార్లు వెనక్కి తిప్పి చూశాక తెలిసింది. రాడ్డు కాలేకొద్దీ పొట్టిదవుతుంది కదా, చెయ్యి ముందుకు జరుగుతూనే కిందికీ దిగుతూ ఉండాలి. నేను ముందుకు మాత్రమే లాగుతున్నా, మంట పొడుగైపోతోంది. ఈ రెండు కదలికలూ ఒకేసారి చేతికి రావాలి. అప్పటి నుంచి కరెంటు లేకుండానే ఉత్త హోల్డర్‌కి రాడ్డు పెట్టుకుని, నేల మీద సుద్దతో గీత గీసి, దాని మీదుగా చెయ్యి నడుపుతూ మెల్లగా దించడం రోజూ అరగంట చేశా. దీంతో వచ్చినంత మార్పు ఇంక దేంతోనూ రాలేదు.

వీడియోల్లో శబ్దం తగ్గించి చూడొద్దు. ఆంపులు, ఎత్తు రెండూ సరిగ్గా కుదిరితే నూనెలో బజ్జీలు వేగినట్టు ఒకే తీరుగా చిటపటలాడుతుంది. బుసకొట్టి ఫట్ ఫట్ మందంటే మంట పొడుగైనట్టు. మా దగ్గర పగలు మోటార్లు ఆడేటప్పుడు వోల్టేజీ పడిపోతుంది, మిషన్ మీద అంకె అలాగే ఉన్నా రాడ్డు నీరసంగా కాలుతుంది, అది కూడా నాకు ముందు చెవికే తెలిసింది.

రాడ్డు డబ్బా మీద 6013 అని ఉంటుంది. మొదటి 60 అంటే పడిన లోహం చదరపు అంగుళానికి కనీసం 60,000 పౌండ్ల లాగుడు తట్టుకోవాలని. తర్వాతి 1 అంటే పడుకోబెట్టి, నిలువుగా, తలమీదుగా ఎలాగైనా వాడొచ్చని. చివరి అంకె పూత రకాన్ని బట్టి ఉంటుంది. పలచటి పైపులకు 12 నంబరు రాడ్డుతో 60 ఆంపుల దగ్గర మొదలుపెడతా, చక్రం రెక్కల్లాంటి 6 మిల్లీమీటర్ల పట్టీకి 10 నంబరు రాడ్డు, 110 నుంచి 120.

నేను మొదట అతికిన రెక్క గంటలో ఊడింది. తీసి చూస్తే తుప్పు, ఎండిన బురద మీదే లోహం పోశా, పైన అంటుకుందే గానీ లోపలికి దిగలేదు. దాన్ని తీసుకుని షాపుకెళ్లి చూపిస్తే మేస్త్రీ రెండు నిమిషాలు ఆగి చెప్పాడు. "గ్రైండర్‌తో తెల్లగా మెరిసేదాకా గీకు. అంచులు ఏటవాలుగా కోసి మధ్యలో గాడి పెట్టు. మంటను చూడబాక అబ్బయా, కరిగే ఇనుమును చూడు." ఆ మాటకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటా.

కళ్ల సంగతి మాత్రం గట్టిగా చెప్తున్నా. ఒకరోజు తొందరలో అద్దం లేకుండా నాలుగైదు చోట్ల చుక్కల్లా చిన్న అతుకులు పెట్టా. అప్పుడేం కాలేదు. అర్ధరాత్రి కళ్లల్లో ఇసుక పోసినట్టు మంట, నీళ్లు కారడం, తెల్లారేదాకా నిద్ర లేదు. ఎవరో ఆలుగడ్డ ముక్కలు పెట్టమన్నారు, నేను వినకుండా కంటి డాక్టరు దగ్గరికి పోయా. మీరూ పోండి. 10 లేక 11 నంబరు నల్ల అద్దం, తోలు గ్లౌజులు, నూలు చొక్కా లేకుండా మిషన్ ఆన్ చేయొద్దు, తడి మడిలో నిలబడి అసలే చేయొద్దు. జింకు పూత ఉన్న పైపయితే పూత గీకేసి, గాలాడే చోటే కాల్చండి, ఆ పొగకు జ్వరం వస్తుంది. ట్రాక్టర్‌కే బిగించి ఉన్న భాగాన్ని అతికేటప్పుడు బ్యాటరీ వైర్లు విప్పి, ఎర్తు క్లాంపు (మిషన్ రెండో వైరు చివర ఇనుమును పట్టుకునే క్లిప్పు) అతుకు పక్కనే పెట్టండి, దూరంగా పెడితే కరెంటు బేరింగుల గుండా పోయి అవి పాడవుతాయి.

ఈసారి చక్రం రెండు రెక్కలు నేనే అతికా. చల్లారుతుంటే చిట్టెం దానంతటదే పెచ్చులా పైకి లేచింది, సుత్తితో కొట్టే పనే పడలేదు. కింద అతుకు చేప పొలుసుల్లా వరసగా ఉంది. నాట్లు అయిపోయాయి, రెక్కలు అలాగే ఉన్నాయి.

నిలువు అతుకు ఇంకా కుదరలేదు. ఎంత మెల్లగా చేసినా కరిగిన ఇనుము కిందికి జారిపోతోంది. ఆంపులు ఇంకో 15 తగ్గించి, కింద నుంచి పైకి అంచు దగ్గర ఒక్క క్షణం ఆగుతూ, రోజూ సాయంత్రం నాలుగు రాడ్లు కాలుస్తున్నా.